దామనపల్లి కనుమ: మన్యపు ఠాణాల కథ

అపరాధ పరిశోధన నవల చదువకుండ పెరిగిన తెలుగు విద్యార్థి ఒకప్పుడు అరుదు. అద్దె గ్రంథాలయమునుండి కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకొని, లెక్కల పుస్తకము నడుమ దాచి చదివిన పిల్లలు అనేకులు తరువాత ఉపాధ్యాయులై, తమ తరగతిలో అదే పని చేయు పిల్లల చేతినుండి అవే నవలలు లాగికొన్నారు. ఆ నవలలలో డిటెక్టివు యుగంధర్, అతని సహాయకుడు రాజు అను జంట కలదు. ఒకరిపై ఒకరికి గల నమ్మకమే ఆ కథలకు ఆయువుపట్టు. సహాయకుడు లంచము పుచ్చుకొన్నాడేమో అను అనుమానము ఒక్క పుటలో కలిగినను కథ మరి నడువదు. కానిస్టేబులు మాత్రము ఇటువంటి నవలలలో తరచు హాస్యపాత్రయే. అతనికొక లాఠీ, ఒక ఆవులింత. అతని జీతమెంత, అతడు ఎవరికి భయపడును, ఎవరికొరకు ప్రాణమిచ్చును అని అడిగిన రచయితలు తక్కువ.

ఈ ప్రశ్నలకు సమాధానము కావలసినవారు పట్టణములు వదలి కొండలెక్కవలెను. ఏటేటా శీతకాలములో పాఠశాలల పిల్లలు అరకులోయకు విహారయాత్ర పోవుచుందురు. కొత్తవలస–కిరండూల్ రైలుదారిలో సొరంగములు లెక్కపెట్టుకొనుచు పోయి, బొర్రా గుహలు చూచి, వలిసె పూల పసుపులో ఫొటోలు దిగి మరలివత్తురు. ఆ కొండల వరుసనే పట్టుకొని నైరుతి దిశగా పాడేరు దాటి సాగినచో చింతపల్లి వచ్చును. దాని కావల గూడెం, కొయ్యూరు. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ ప్రాంతము అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. జిల్లాకు ఆ పేరు పెట్టుటకు సరిగా నూరేండ్ల ముందు, ఆ పేరుగల మనిషిని పట్టుకొనుటకే ఇక్కడ పోలీసు దళములు దిగినవి.

పోలీసు వ్యవస్థ మన దేశములో ఎట్లు పుట్టినదో తెలియనిదే ఈ కథ అర్థము కాదు. చెన్నరాజధానిలో 1855 లో ఒక విచారణ సంఘము నివేదిక సమర్పించినది. దానికి చిత్రహింసల విచారణ సంఘమనియే పేరు. శిస్తు వసూలు చేయుటకు, నేరము ఒప్పించుటకు సర్కారు నౌకరులు ప్రజలను హింసించుట వాడుకగా ఉన్నదని ఆ సంఘము తేల్చినది. ఆ నివేదికలో చిరత అను సాధనము ప్రస్తావన కలదు. రెండు కర్రముక్కల నడుమ వ్రేళ్ళు పెట్టి నొక్కుట దాని పని. భజనగోష్ఠిలో తాళము వేయు చిరతల పేరే దీనికిని పెట్టిన తెలుగువాని హాస్యమునకు నవ్వవలెనో ఏడువవలెనో తెలియదు.

అప్పటి దోషమేమనగా, శిస్తు వసూలు చేయువాడును, నేరము పట్టువాడును ఒక్కడే. ఆ నివేదిక తరువాత 1859 లో చెన్నరాజధానికి ప్రత్యేక పోలీసు చట్టము వచ్చినది. పోలీసు శాఖ రెవిన్యూ శాఖనుండి వేరుపడినది. రెండేండ్లకు, 1861 లో, దేశమంతటికిని పోలీసు చట్టము చేసినారు. కాగితముమీద ఇది మంచి మార్పే. కాని 1902–03 లో ఫ్రేజరు అధ్యక్షతన ఏర్పడిన పోలీసు సంఘము దేశమంతయు తిరిగి, ఈ శాఖలో సామర్థ్యము లేదు, లంచగొండితనమును ప్రజాపీడనమును నిండి ఉన్నవి అని వ్రాయవలసివచ్చినది. పల్లపు ప్రాంతములోనే ఇట్లున్నప్పుడు మన్యము మాట చెప్పవలెనా?

మన్యమునకు పల్లపు చట్టములు పూర్తిగా వర్తింపవు. 1839 నాటి 24వ చట్టముతో గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తప్పించి, కలెక్టరునే ప్రభుత్వ ఏజెంటుగా నియమించినారు. ‘ఏజెన్సీ’ అను మాట అందుండి వచ్చినదే. కొండవారి అమాయకత్వమును కాపాడుటకే ఈ ఏర్పాటని చెప్పెడివారు. ఫలితము వేరుగా పరిణమించినది. ఏజెన్సీలోని డిప్యూటీ తహసీలుదారు శిస్తు చూచును, మేజిస్ట్రేటుగా తీర్పును చెప్పును, దారి వేయించును, కూలీలను రప్పించును. అతనిమీద ఫిర్యాదు చేయదలచిన కొండవాడు మొదట ఎక్కవలసిన గడప అతనిదే. పల్లములో 1859 లో విడదీసిన ముడి, కొండమీద అట్లే బిగిసి ఉండిపోయినది.

లంచము అనగానే మనకు రహస్యముగా చేతులు మారు సొమ్ము గుర్తువచ్చును. మన్యములో దానికి రహస్యము అక్కరలేదు. ఠాణా జవాను ఊరిలోకి వచ్చినచో కోడి, బియ్యము, మోతకు మనిషి, ఇదంతయు వెట్టి. ఇవ్వనివాడు అడవిలో పోడు నరికినాడనియో, దొంగకల్లు తీసినాడనియో కేసు. 1879 మార్చిలో రంపలో లేచిన ఫితూరీ ఈ విధముగా పుట్టినదే. జీలుగు చెట్టు కల్లు కొండవానికి ఆహారము వంటిది. దానిమీద చిగురుపన్ను వేసి, మన్సబుదారుడు తనవంతు, గుత్తదారు తనవంతు పిండినారు. పల్లపు వర్తకులు అప్పుపత్రములతో కోర్టు డిక్రీలు తెచ్చినారు. వాటిని అమలు జరుపుటకు పోలీసులు తోడు వచ్చినారు. కారం తమ్మన్నదొర మొదలగువారి ఫితూరీలో మొట్టమొదటి దెబ్బ చోడవరపు పోలీసులకు తగిలినదనగా ఆశ్చర్యమేమున్నది? విచారణకు వచ్చిన సల్లివాన్ అను అధికారి మన్సబుదారుని దుష్పరిపాలనతోపాటు పోలీసుల దౌర్జన్యమునుకూడ కారణముగా చూపినాడు. మన్సబుదారుని తొలగించి, ముఠాదారులకు నేరుగా సనదులిచ్చినారు. తమ ముఠాలో శాంతిని కాపాడుట, ఫితూరీదారుల ఆచూకీ సర్కారుకు తెలుపుట ఆ సనదులలోని షరతు. అనగా ప్రతి ముఠాదారును జీతము లేని పోలీసయినాడు. తన వారికి విశ్వాసపాత్రుడుగా నుండవలెనా, సనదుకా అను ప్రశ్న అతని గడపలోనికే వచ్చి కూర్చున్నది.

ఇక 1920 ప్రాంతమునకు రండు. గూడెం డిప్యూటీ తహసీలుదారుగా బాస్టియన్ అనువాడు ఉండెడివాడు. నర్సీపట్నము వైపునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాటుదారి వేయించు పని అతని పర్యవేక్షణలో సాగినది. కూలికి రోజుకు 6 అణాలు ఇవ్వవలసియుండగా 2 అణాలు చేతిలో పెట్టెడివారని నాటి చరిత్ర చెప్పుచున్నది. లెక్క వేయుటకు మన విద్యార్థులకు కాగితము అక్కరలేదు. 4 అణాలు, అనగా పావురూపాయి, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క రోజున మాయము. ఫితూరీకి మూలమేమని తరువాత విచారించిన అధికారులుకూడ బాస్టియన్ పేరు దాటి పోలేకపోయినారు. బట్టిపనుకుల గ్రామపు గాం సోదరులు, గంటందొర, మల్లుదొర, ఇతని మూలముననే భూమి కోల్పోయి కక్ష పెంచుకొన్నవారు.

బాస్టియనును దుష్టునిగా నిలిపి మిగిలినవారిని క్షమించుట సులభము. చలనచిత్రములకు అది చాలును. కాని అదే సర్కారులో, అదే కాలములో, పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఫజులుల్లా ఖాన్ అను పెద్దమనిషి ఉండెడివాడు. అనుమానముతో పోలీసులు వెన్నాడుచున్న సీతారామరాజుకు పైడిపుట్టలో సేద్యమునకు భూమి ఇప్పించినవాడు ఆయన. కల్లు మానుడని, తగవులు కోర్టుకు పోనీయక పంచాయతీలో తీర్చుకొనుడని కొండవారికి చెప్పుచున్న యువకునిలో ఆయనకు నేరస్థుడు కనబడలేదు. ఒకే అధికారము, ఇద్దరు మనుష్యులు. నీతి ఆ వ్యక్తులలో ఉండెనుగాని వారు కూర్చున్న కుర్చీలలో లేదు. కుర్చీలో నీతి లేనప్పుడు మంచివాడు బదిలీ అయినను, మరణించినను ప్రజలకు మిగులునదేమి?

1922 ఆగస్టు 22 న చింతపల్లి ఠాణామీద దాడి జరిగినది. మరునాడు కృష్ణదేవిపేట. ఆ మరునాడు రాజవొమ్మంగి. అక్కడ నిర్బంధములో నున్న వీరయ్యదొరను విడిపించినారు. మూడు రోజులలో మూడు ఠాణాలు. చేజిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. ముందుగా మిరపకాయ టపా పంపి, ఫలానా నాడు వచ్చుచున్నాము కాచుకొనుడు అని చెప్పి మరీ కొట్టెడివాడని ప్రజలు నేటికిని చెప్పుకొందురు. దానికంటె నాకు ముచ్చట గొలుపునది మరొకటి. తీసికొనిన ఆయుధముల వివరము ఠాణా డైరీలోనే వ్రాసి రాజు సంతకము చేసినాడు. కోడికి రసీదు లేదు, వెట్టికి రసీదు లేదు, 4 అణాలకు రసీదు లేదు. ఆ ఠాణాలలోనికి వచ్చి రసీదు వ్రాసి ఇచ్చి పోయినవాడు దోపిడీదారుగా నమోదైనాడు.

కానిస్టేబుళ్ళను ఏమి చేసినారు? వారిని చంపుట రాజుకు లక్ష్యము కాదు. మనవారిని, అనగా భారతీయులైన జవానులను, చంపరాదని అతని ఆజ్ఞ. ఇది మాటకు చెప్పినది కాదని నిరూపించిన స్థలము దామనపల్లి కనుమ.

సెప్టెంబరు 24. ఫితూరీని అణచుటకు వచ్చిన పోలీసు అధికారులలో స్కాట్ కవర్డ్, హైటరు అను ఇద్దరు ఆంగ్లేయులు దళముతో దామనపల్లి కనుమ ఎక్కినారు. ఇరుకు కాలిబాట, ఇరువైపుల పొదలు, పైన బండలు. వరుసగా ఒకరి వెనుక ఒకరు పోవుట తప్ప గత్యంతరము లేని చోటు. బండల చాటున కొండవాండ్రు తుపాకులతో పొంచియున్నారు. దళములో ముందు నడుచుచున్న భారతీయ జవానులు వారి తుపాకి మొనల క్రిందనే సాగిపోయినారు. ఒక్క గుండు పేలలేదు. వెనుక వచ్చిన దొరలిద్దరును కనబడిన తరువాతనే పేలినవి. ఇద్దరును అక్కడనే కూలిపోయినారు. వారి సమాధులు నర్సీపట్నములో ఉన్నవి.

ఆ ముందు నడచిన జవానుల సంగతి ఏ నవలాకారుడైనను ఆలోచించినాడా? వారు తప్పించుకొన్నారనుట సరికాదు, వారిని విడిచిపెట్టినారు. తరువాత ఆ సంగతి వారికి తెలియకుండ ఉండదు. వెనుకనున్న అధికారులు తమ తోడివారు. పక్కనున్న బండల వెనుక తమ ప్రాణము దయతలచినవారు. మరునాడు తిరిగి అదే అడవిలోనికి పొమ్మని ఆజ్ఞ వచ్చినప్పుడు ఆ జవాను కాళ్ళు ఎటు నడచును? సర్కారుకుకూడ ఈ అనుమానము కలిగియుండవలెను. స్థానిక పోలీసులతో పని కాదని, మాప్పిళ్ళ తిరుగుబాటు నాడు 1921 లో నెలకొల్పిన మలబారు ప్రత్యేక పోలీసులను రప్పించినారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దిగినది. తెలుగు రానివారు, కొండవారి ఉప్పు తిననివారు, వారితో చుట్టరికము లేనివారు కావలసివచ్చినారు. అన్యప్రాంతపు సిపాయిని తెచ్చుకొన్న సర్కారు, తన ఠాణాలమీద తనకే నమ్మకము చాలలేదని ఒప్పుకొన్నట్లే గదా.

అటు సర్కారు ముఠాదారులను, గ్రామములను పీడించి ఆచూకీ రాబట్ట జూచినది. తిండిగింజలు అందకుండ కట్టుదిట్టములు చేసినది. ఏడాదిన్నరకు పైగా ఆ కొండలలో ఫితూరీదారునికి అన్నము పెట్టినవారెవరో, వారి గుట్టు కాపాడినవారెవరో వారి పేర్లు చరిత్రకెక్కలేదు. పోలీసు దస్తరములలో ‘సాయపడినవారు’ అను ఒక్క మాటలో ఇమిడిపోయినవి. మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడినాడు. అతనికి మరణశిక్ష విధించి, తరువాత యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మార్చి అండమాను పంపినారు. ఆ మనిషి విడుదలయై వచ్చి, 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికైనాడు. ఠాణాను కొట్టినవాడు పార్లమెంటులో కూర్చుండి పోలీసు పద్దులమీద ఓటు వేయగల స్థితికి వచ్చుట ఏ నవలలో వ్రాసినను అతిశయోక్తి అందురు. అన్న గంటందొరకు ఆ అదృష్టము లేదు. 1924 జూనులో పోలీసులతో జరిగిన పోరులో అతడు మరణించినాడు.

రాజు అంతకు ఒక నెల ముందే పోయినాడు. 1924 మే 7 న మంప వద్ద అతనిని పట్టుకొన్నవాడు ఈస్టు కోస్టు ప్రత్యేక పోలీసు దళపు జమేదారు కుంచు మీనన్. ప్రాణముతోనే పట్టుకొన్నాడు. పట్టిన మనిషిని కొయ్యూరుకు చేర్చి పై అధికారికి అప్పగించుటతో జమేదారు కర్తవ్యము ముగిసినది. ఆ అధికారి మేజరు గుడాల్. అతని అధీనములో ఉండగా రాజు కాల్పులకు గురియై మరణించినాడు. తప్పించుకొని పోబోయినాడని సర్కారు ప్రకటన. పట్టుబడినవానిని న్యాయస్థానమునకు తెచ్చియుండినచో అతడు బాస్టియన్ పేరెత్తెడివాడు, 4 అణాల లెక్క చెప్పెడివాడు, సాక్షులను పిలిపింపుడని కోరెడివాడు. ఆ విచారణ జరుగనేలేదు. అపరాధ పరిశోధన నవలకు కడపటి ప్రకరణములో అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టి నిజము చెప్పించుట ఆచారము. మన్యపు కథలో ఆ ప్రకరణమును చింపివేసినారు.

పోలీసు తన తోడి పోలీసుకు విశ్వాసపాత్రుడుగా నుండవలెనా, తాను ప్రమాణము చేసిన చట్టమునకా అను చిక్కు మన మన్యమునకే పరిమితము కాదు. న్యూయార్కు నగరములో ఫ్రాంక్ సెర్పికో అను పోలీసు ఉద్యోగి ఉండెడివాడు. తోడివారు జూదగృహములనుండి నెలవారీ ముడుపులు పుచ్చుకొనుచుండగా తనవంతు తీసికొనుటకు నిరాకరించినాడు. నిరాకరించుటయే నేరమైనది, ముడుపు ముట్టనివానిని తోడివారు నమ్మరు. డేవిడ్ డర్క్ అను మరియొక అధికారి అతనికి జతపడినాడు. ఇద్దరును పై అధికారులకు మొరపెట్టి మొరపెట్టి విసిగి, కడకు 1970 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు సంగతి బయటపెట్టించినారు. మేయరు విచారణ సంఘమును నియమించవలసివచ్చినది. న్యాయవాది నాప్ దాని అధ్యక్షుడు. 1971 ఫిబ్రవరి 3 న ఒక మాదకద్రవ్యముల కేసులో తలుపు త్రోయుచున్న సెర్పికో ముఖముమీద గుండు తగిలినది. నాప్ సంఘము లంచగొండి పోలీసులను రెండు జాతులుగా విభజించినది: ఎదురుగా వచ్చిన గడ్డి మేయువారు, వెదకికొనిపోయి మాంసము తినువారు. గడ్డి మేయువారి సంఖ్యయే ఎక్కువ. వారివలననే లంచము గౌరవనీయమైన ఆచారముగా మారుచున్నదని సంఘము అభిప్రాయము. కోడిని పట్టుకొనిపోయిన మన్యపు జవాను ఏ జాతివాడో చెప్పుట కష్టము కాదు.

నేడు అరకు, పాడేరు దారులలో పోలీసు చెక్‌పోస్టులు ఎక్కువగా గంజాయి కొరకు. 2021 లో ‘పరివర్తన’ పేరిట పోలీసులు ఈ కొండలలో వేల ఎకరముల గంజాయి తోటలు నరికివేసినారు. పండించినవాడు కొండవాడు, మోసినవాడును కొండవాడే. పెట్టుబడి పెట్టినవాడు పల్లపువాడు. నాటి కల్లు గుత్తల లెక్కను ఇది గుర్తుకు తెచ్చును. ఇంత సొమ్ము పారుచున్న దారిలో నిలబడిన జవానుకు కలుగు ప్రలోభము 1920 నాటి 4 అణాలకంటె ఎన్ని మడుగులు ఎక్కువో ఊహించుకొనవచ్చును. ఆ ప్రలోభమునకు లొంగక రాత్రియంతయు మంచులో నిలబడువారు ఉన్నారు. వారి గురించియు ఎవరును నవల వ్రాయరు.

వాకపల్లి సంగతి చెప్పక ఈ వ్యాసము ముగింపరాదు. చెప్పుట కష్టమైనను, పై తరగతుల విద్యార్థులకు తెలియవలసినదే. జి. మాడుగుల మండలములోని ఆ కొండపల్లెకు 2007 ఆగస్టు 20 న గ్రేహౌండ్స్ పోలీసు దళము గాలింపుకై వెళ్ళినది. ఆ దళమువారు తమమీద అత్యాచారము చేసినారని కోదు తెగకు చెందిన 11 మంది స్త్రీలు ఫిర్యాదు చేసినారు. పోలీసుల మీది ఫిర్యాదును పోలీసులే దర్యాప్తు చేసినారు. నిందితులను బాధితులచే గుర్తింపజేయు పరేడు, ఏ దర్యాప్తులోనైనను మొదటి మెట్టు అది, సక్రమముగా జరుగలేదు. కేసు ఉన్నత న్యాయస్థానమునకు, సుప్రీంకోర్టుకు ఎక్కి దిగినది. విశాఖపట్టణములోని ప్రత్యేక న్యాయస్థానము 2023 ఏప్రిల్ 6 న తీర్పు చెప్పినది. విచారణ నెదుర్కొన్న పోలీసులందరును నిర్దోషులుగా విడుదలైనారు. అదే తీర్పులో న్యాయస్థానము దర్యాప్తులోని లోపములను ఎత్తిచూపి, దర్యాప్తు అధికారులమీద చర్యకు సూచించి, ఫిర్యాదు చేసిన స్త్రీలకు నష్టపరిహారము ఇప్పింపవలసినదని ఆదేశించినది. ఆ నాటికి సంఘటన జరిగి పదిహేను సంవత్సరముల ఏడు నెలలు దాటినవి.